బొంగులో పురుగు లేదు

మొన్న మేడ్చల్ దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో మా వాళ్ల పెళ్లి దావత్‌కు పోయాను. పక్క బల్ల దగ్గర ఒక కుర్రాడు కూర్చోబోతుంటే ప్లాస్టిక్ కుర్చీ కాలు విరిగింది. వాడు పూర్తిగా కింద పడకముందే ఎవరో అరిచారు: "ఏందిర భై, పురుగుబొంగు సాయెబు చేసిన కుర్చీనా?" బల్ల బల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత చేతిలో ఉన్న ముద్ద నోట్లో పెట్టుకోలేక పళ్లెంలోనే వదిలేశాను.

మా వైపు ఊళ్లలో ఏ వస్తువు విరిగినా, ఏ పని చెడినా ఇప్పటికీ ఆ మాటే అంటారు. ఆ కుర్రాళ్లలో ఒక్కడు కూడా ఆ సాయెబును చూడలేదు. ఆయన ఎవరో, బొంగు సంగతేమిటో, పురుగు ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకు తెలియదు. నాకు తెలుసు. ఆ పురుగును పుట్టించింది నేనే.

ఆయనను ఊరందరూ చాచా అనేవాళ్లు. మా ఊరు మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ ఉంటుంది. ఉంటుంది అనడం తప్పు, ఉండేది. ఇప్పుడు అక్కడ ప్లాట్ల హద్దురాళ్లూ, ప్రహరీ గోడలూ ఉన్నాయి. అప్పట్లో మాత్రం ఊరి చుట్టూ రాతి గుండ్లూ, తుమ్మ తుప్పలూ, వాటి నడుమ పల్లి చేలూ, మక్క చేలూ ఉండేవి. తుప్పల్లో అడవి పందులుండేవి. పల్లి కాయ గట్టిపడే వేళకు మంద దిగి, తెల్లారేసరికి చేనంతా నాగలితో దున్నినట్టు తవ్వేసి పోయేది. మా అవ్వ గట్టు మీద కూలబడి, "నా కడుపు తవ్విపోయినయి కొడుకా, నా కడుపు తవ్విపోయినయి" అని ఏడవడం నేను చాలాసార్లు చూశాను.

అందుకని వేట. ఉగాది నాడు ఊరంతా కలిసి వేటకు పోవడం మాకు ఆనవాయితీ. అది చట్ట ప్రకారం నేరమని ఇప్పుడు తెలుసు. అప్పుడు ఆ మాట పెద్దలెవరూ పైకి అనేవాళ్లు కాదు. తుపాకీ ఎవరి దగ్గరా ఉండేది కాదు. చాచా చేసిన బొంగు విల్లులే ఉండేవి. వెదురును మేము బొంగు అంటాం. నాలుగైదు పెద్ద ఇళ్లలో తలా ఒక విల్లు ఉండేది, అన్నీ ఆయన చేతివే.

చాచా పంది మాంసం ముట్టడు. పంది నెత్తురు తగిలిన బాణాన్ని తిరిగి తీసుకోడు. వేటలో భాగం అడగడు. పల్లీ తీసినప్పుడు ఒక్కో ఇంటి నుంచి ఒక గంపెడు ఆయన ఇంటికి పోయేది, అంతే. ఒకసారి నేను, "తినవు గదా చాచా, మరి నీకెందుకు గీ వేట?" అని అడిగాను. "నేను తినకున్నా నా చేను పంది తింటది గద బేటా" అన్నాడు, బాణానికి ఈక కడుతూ.

ఆ ఈకల కోసం నేను మా అవ్వ పుంజును వారం రోజులు వెంటాడాను. తోకలో ఒక్కొక్కటే పీకి తీసుకుపోయి చాచాకు ఇచ్చేవాణ్ని. చివరకు పుంజు బోడి తోకతో వాకిట్లో తిరుగుతుంటే అవ్వ నెత్తి కొట్టుకుంది. "ఓ సాయెబూ! నా పుంజును గిట్ల చేసినవేందిరా, ఇగ అది కోళ్లకు మొఖం ఎట్ల చూపిస్తది?" అని, దారిలో పోతున్న చాచా బాణాలకు తన పుంజు ఈకలు చూసి, ఆపి మరీ తిట్టింది. ఆయనకు అప్పుడు తెలిసింది ఈకలు ఎక్కడివో. నవ్వాడు. నా పేరు మాత్రం చెప్పలేదు.

బొంగు కొట్టడానికి ఆయన చలికాలమే పోయేవాడు, అదీ అమావాస్యకు ముందు రోజుల్లో. వెన్నెల రోజుల్లో బొంగులో తీపి ఎక్కువుంటుందట, అప్పుడు కొడితే పురుగు పడుతుందట. తేదీ కనుక్కోవడానికి మా ఇంటికి వచ్చేవాడు. "అవ్వా, అమాస ఎన్నడు?" అనేవాడు. "నీకెందుకురా అమాస, మంత్రాలు గిట్ల నేర్చినవా?" అనేది అవ్వ, క్యాలెండర్ మేకు మీంచి తీసి ఇస్తూ.

కొట్టిన బొంగులను సైకిల్‌కు పొడుగ్గా కట్టి శామీర్‌పేట చెరువుకు తీసుకుపోయేవాళ్లం. ఆయన తొక్కేవాడు, నేను వెనక కూర్చుని కొసలు నేలకు తగలకుండా పట్టుకునేవాణ్ని. చెరువు అంచున నీళ్లలో ముంచి పైన బండరాయి పెట్టేవాడు. నెల దాటాక తీస్తే కుళ్లిన గడ్డీ, చేపా, బురదా కలిసిన వాసన. ఆ వాసన మూడు రోజులు ఒంటిని వదిలేది కాదు. తర్వాత ఆ బొంగులను వాళ్ల వంటింటి దూలానికి కట్టేవాడు. చాచీ వంట పొగలో అవి మెల్లగా ఎండి తేనె రంగుకు తిరిగేవి. చాచీ నాకు జొన్నరొట్టె మీద చింతపండు ఖట్టా పోసి ఇచ్చేది. "తిను బేటా, మీ ఇంట్ల ఇంత పుల్లగ చెయ్యరు" అనేది. నిజమే, చేసేవాళ్లు కాదు.

నేను ఇంటర్‌లో చేరిన ఏడు చాచా నాకు విల్లు చేసి ఇచ్చాడు. ఆముదం పట్టించి, గుడ్డతో రుద్దిరుద్ది, నా ఎత్తుకు సరిపోయేలా చేసిన విల్లు. ఇస్తూ ఒకే మాట చెప్పాడు.

"కొట్టుడు అయిపోంగనే తాడు దించాలె. ఎక్కిచ్చి పెట్టిన విల్లు పనిల ఉన్నట్టే. నువ్వు పండుకుంటవు, దానికి నిద్ర లేదు. నాల్గు దినాలు నిద్ర లేకుంటే నువ్వే పడిపోతవు. గదైతే ఉత్త కట్టె."

ఆ విల్లుకు తాడు ఎక్కించడం సులువు కాదు. ఒక కొసను పాదానికి ఆనించి, మోకాలితో నడుమును వంచి, అదే ఊపులో తాడు ముడిని పై గాడిలోకి తోయాలి. చాచా మాట్లాడుతూ మాట్లాడుతూ ఎక్కించేవాడు. నాకు ఎన్నిసార్లు చేసినా రాలేదు. గాడి దాకా పోయేది, జారేది. ఒకసారి జారి నా గదవకు తగిలి పళ్ళు కదిలాయి.

ఆ ఉగాదికి నాలుగు రోజుల ముందు మా బావ వచ్చాడు, అక్క భర్త. జీడిమెట్లలో ఒక కంపెనీలో సూపర్‌వైజర్. వాళ్ల సేఠ్ విదేశం నుంచి తెప్పించుకున్న విల్లును అడిగి తెచ్చాడు. నల్లటి ఫైబర్ విల్లు. రెండు కొసలకూ గిర్రలు, గిర్రల మీదుగా తీగలు, గురి చూడడానికి నడుమ చిన్న అద్దం. వాకిట్లో మంచం మీద పెడితే ఊళ్లో సగం మంది చూడటానికి వచ్చారు.

"సగం గుంజితే చాలు, మిగిలిన సగం అదే గుంజుకుంటది" అన్నాడు బావ.

అవ్వ దగ్గరికి వచ్చి వంగి చూసింది. "గిర్రలు బాయికి ఉంటయి గద బిడ్డా. గీ విల్లుతోని నీళ్లు చేదుతవా?"

అందరూ నవ్వారు. బావకు అది నచ్చలేదు. గోడకు ఆనించి ఉన్న నా విల్లును కాలితో చూపించి, "మరి గిదేంది బామ్మర్దీ, కల్లు కావడా?" అన్నాడు. ఈసారి నవ్వు నా మీదికి తిరిగింది.

"వేటకు నాది పట్టుకుంటవా? రెండు దినాలల్ల నేర్పిస్తా" అన్నాడు.

"నాకు బొంగుదే మంచిది" అన్నాను.

తర్వాత చాలా ఏళ్లపాటు ఈ మాటను నేను స్నేహితుల దగ్గర గొప్పగా చెప్పుకున్నాను. కొత్తది కాళ్ల దగ్గరికి వచ్చినా పాతదాన్నే ఎంచుకున్నానని, మన చేతిపని మీద నాకు అంత గౌరవమని. అదేమీ కాదు. బావ మీద పంతం, అంతే. గౌరవం ఉన్నది చాచాకు. బావ విల్లును ఆయన చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, మర్యాదగా తిరిగి ఇచ్చాడు. "మంచిగున్నది సాబ్. మస్తు దూరం కొడ్తది" అన్నాడు. ఇద్దరమే ఉన్నప్పుడు నాతో అన్నది వేరు. "దూరంకెళ్లి కొట్టేటోనికి జంతువు మొఖం కనవడది బేటా. మన విల్లు పదిహేను అడుగుల లోపలనే. గంత దగ్గరకు పోతే కొట్టాల్నా వద్దా అని నీకే తెలుస్తది. కడుపుతోని ఉన్నదా, పిల్లలున్నయా, అన్నీ కనవడ్తయి."

ఆ రోజు మా పెరట్లో గడ్డి కుక్కిన గోనెసంచికి నాతో బాణాలు కొట్టించాడు. తాడు తనే ఎక్కించాడు. పోతూ, "పొద్దుమీకినంక దించు" అన్నాడు.

నేను దించలేదు. దించితే మళ్లీ ఎక్కించడం నాకు రాదు. పొద్దున లేచి బావ ముందు మోకాలు పెట్టి తన్నుకుంటుంటే, ఆయన మంచం మీద కూర్చుని నవ్వుతాడు. ఆ నవ్వు వినలేక, ఎక్కించిన విల్లును ఎక్కించినట్టే తీసుకుపోయి నాయిన పడుకునే గదిలో గోడ మేకుకు వేలాడదీశాను. నాలుగు రోజులు అది అక్కడే అట్లాగే ఉంది. రేకుల గది, ఎండాకాలం మొదలు. స్నేహితులు వచ్చినప్పుడల్లా తీసి, చెవి దాకా లాగి చూపించి, మళ్లీ తగిలించేవాణ్ని.

రెండో రోజు బావి దగ్గర చాచా కనిపించాడు. "దించినవా?"

"దించిన చాచా."

ఉగాది పొద్దున ఇల్లంతా పూర్ణం బచ్చాల వాసన. పచ్చడి నోట్లో పోసుకుని, విల్లు భుజాన వేసుకుని గుండ్ల దగ్గరికి పోయాను. ఊరి మగవాళ్లంతా అప్పటికే చేరారు. డప్పులు కొట్టేవాళ్లు తుప్పల అవతలికి పోతున్నారు. వాళ్లు చప్పుడు చేస్తే పందులు ఇవతలికి వస్తాయి, ఇవతల దారుల్లో విల్లు పట్టినవాళ్లు కాచుకుని ఉంటారు.

నా భుజం మీద తాడు బిగించి ఉన్న విల్లును చాచా చూశాడు. ఆగిపోయాడు.

"నువ్వే ఎక్కిచ్చినవా?"

చుట్టూ అందరూ ఉన్నారు. బావ ఉన్నాడు. తల ఊపాను.

ఆయన మొహం వెలిగిన తీరు నాకు ఇప్పటికీ కళ్లలోంచి పోదు. "షాబాష్!" అని నా వీపు మీద చరిచి, మా నాయిన వైపు తిరిగాడు. "చూసినవా పటేలా? నీ కొడుకు నా విల్లు ఒక్కడే ఎక్కిచ్చిండు! నాకు రానీకి మూడేండ్లు పట్టింది. ముందటి దారి ఇయ్యాల వీనిదే. నేను పక్కన నిలబడ్త."

ముందటి దారి ప్రతి ఏడూ చాచాదే. పందులు మొదట వచ్చేది అక్కడికే. ఆ రోజు ఆయన తన విల్లుకు తాడు దించి ఒక గుండుకు ఆనించి, చేతికర్రతో నా ఎడమ పక్కన నిలబడ్డాడు.

డప్పులు మొదలయ్యాయి. ముందు కుందేళ్లు పోయాయి, తర్వాత రెండు పిల్లల తల్లి పంది. చాచా నా మోచేతి మీద చెయ్యి పెట్టి ఆపాడు. దాని వెనక మగపంది వచ్చింది. మమ్మల్ని చూసి ఆగింది. పదిహేను అడుగులు కూడా లేదు. దాని కంటి కింద అంటుకున్న మట్టి నాకు కనిపిస్తూ ఉంది. "ఇగ కొట్టు" అన్నాడు చాచా, ఊపిరితో అన్నట్టు.

లాగాను. చెవి దాకా రాకముందే విల్లు నా చేతుల్లో రెండైంది. ఆ చప్పుడుకు పంది మా మీదికే దూకింది. చాచా నన్ను పక్కకు నెట్టి ఎడమ చెయ్యి అడ్డం పెట్టాడు. దాని కోర మోచేతి నుంచి మణికట్టు దాకా చీల్చుకుంటూ పోయింది. అదే క్షణంలో రెండో దారిలోంచి బావ బాణం వేశాడు. అంత దూరం నుంచి అది పంది పక్కటెముకల్లో దిగింది.

చాచాను మోపెడ్ మీద నడుమ కూర్చోబెట్టి పట్నం దవాఖానకు తీసుకుపోయారు. వేట సంగతి బయటపడకుండా, చేలో గొర్రు గుచ్చుకుందని అక్కడ చెప్పించారు.

పొద్దు వాలే వేళ మా వాకిట్లో అందరూ చేరారు. విరిగిన ముక్కలు మంచం మీద ఉన్నాయి. విరిగిన చోట బొంగు లోపల కొబ్బరిలా తెల్లగా ఉంది. బావ ఒక ముక్కను ఎత్తి, "గీ కట్టెను నమ్ముకొని పోరన్ని ముందట నిలవెట్టిండు. పాణం పోతుండె" అన్నాడు. ఎవరో, "అన్నేండ్లల్ల చాచా విల్లు ఒక్కటి ఇరగలే గద" అన్నారు.

నాయిన నా వైపు చూశాడు. "ఏమైంది రా? ఎందుకిరిగింది?"

నాలుగు రోజులు ఎక్కించే ఉంచానని చెప్తే, ఎందుకు ఉంచావని అడుగుతారు. ఎక్కించడం రాదని చెప్పాలి. పొద్దున అందరి ముందు తల ఊపింది అబద్ధమని చెప్పాలి. చాచా చెయ్యి నా వల్ల పోయిందని చెప్పాలి.

"బొంగుల పురుగున్నట్టుంది" అన్నాను.

ఎవరూ ముక్కలను మళ్లీ చూడలేదు. పటేల్ కొడుకు చెప్పాడు, ఎవరి చేతిలో విరిగిందో వాడే చెప్పాడు. మరునాడు నేనే ఆ ముక్కలను నీళ్ల పొయ్యిలో పెట్టాను.

చాచా పన్నెండో రోజు దవాఖాన నుంచి వచ్చాడు. ఎడమ చేతి వేళ్లు ముడుచుకోవడం లేదు. తిన్నగా మా ఇంటికే వచ్చి, వాకిట్లో నిలబడి నన్ను పిలిచాడు.

"బేటా, ఆ ముక్కలున్నయా? ఒక్కసారి చూస్త."

"అవ్వ పొయ్యిల పెట్టింది చాచా."

"అచ్చా. పురుగుంటే పొడి రాల్తది. పసుపు లెక్క, సన్నగ. ఇరిగినప్పుడు పొడి రాలిందా?"

"రాలింది."

"నువ్వు చూసినవా?"

"చూసిన చాచా."

ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత తల ఊపి వెళ్లిపోయాడు. ఆయనకు అర్థమైపోయిందని, నన్ను కాపాడటానికే ఊరుకున్నాడని అనుకున్నాను. ఇరవై ఏళ్లకు పైగా నేను ఆ ఊహను పట్టుకునే బతికాను.

ఆ వారంలోనే విల్లులు వాపసు పోవడం మొదలైంది. మొదటిది మా ఇంటిదే, తాతల కాలం నుంచి ఉన్న పెద్ద విల్లు. నాయిన దాన్ని దూలం మీంచి తీస్తుంటే, "మనది ఎందుకు నాయినా, అది మంచిగనే ఉన్నది గదా" అన్నాను. ఆయన నా వైపు చూడకుండా, "నువ్వు నోరు మూసుకొని లోపటికి పో" అన్నాడు. నా విల్లు నాలుగు రోజులు తాడు బిగించి వేలాడింది ఆయన మంచం పైన గోడకే. ఆయన చూడలేదని నేను అనుకోను. మా విల్లు పోయాక మిగిలిన ఇళ్లవాళ్లూ తెచ్చి చాచా గడప పక్కన ఆనించి పోయారు. ఒక్కరు కూడా లోపలికి పోయి మాట్లాడలేదు.

తర్వాతి ఏడు పల్లి చేల చుట్టూ కరెంటు తీగలు వచ్చాయి. అవి పందిని చూడవు, కడుపుతో ఉన్నదాన్ని చూడవు. ఒకరి ఎడ్లు పోయాయి, ఒకరి ఇంట్లో మనిషే పోయాడు. ఆ తర్వాత చేలే పోయాయి. మేము భూమి అమ్మాం, అందరూ అమ్మారు. చాచా ఒక వెంచర్ గేటు దగ్గర కాపలా పనికి కుదిరాడు. నేను బైక్ మీద అటు పోయినప్పుడు కుడిచేత్తో సలాం చేసేవాడు. నేను హారన్ కొట్టి పోయేవాణ్ని. ఆయన పోయినప్పుడు మట్టికి వెళ్లాను, నా చేత్తోనూ మూడు పిడికిళ్లు వేశాను. అప్పుడూ నోరు విప్పలేదు.

దావత్ అయిన మూడో రోజు గాజులరామారం పోయాను. చాచా బిడ్డ అక్కడ ఒక ఇరుకు గల్లీలో కుట్టు మిషన్ పెట్టుకుని ఉంటుంది. నన్ను గుర్తుపట్టింది, స్టూల్ జరిపింది. విల్లును ఎక్కించి ఉంచిన దగ్గర నుంచి పొడి రాలిందన్న మాట దాకా మొత్తం చెప్పాను. ఆమె మిషన్ ఆపలేదు. గుడ్డ మీద నుంచి కళ్లు ఎత్తలేదు.

"చాచాకు అప్పుడే తెలిసిపోయింది గదా చెల్లె" అన్నాను. నేను అంత దూరం పోయింది ఆ ఒక్క అవును కోసమేనని ఇప్పుడు అనిపిస్తుంది.

మిషన్ ఆగింది.

"ఎవలు చెప్పిన్రు నీకు?"

"నన్ను చూసిన చూపుకు... నాకట్ల అనిపిచ్చింది."

"అబ్బాకేం తెల్వలే అన్నా. నువ్వు పొడి చూసిన అన్నవు, నమ్మిండు. అమ్మీకి అనుమానమొచ్చింది. పోరడు అబద్ధం చెప్తుండేమో అన్నది. అబ్బా అమ్మీ మీదికి లేసిండు. విల్లు ఒక్కడే ఎక్కిచ్చిన పోరడు, వాన్ని గట్లంటవా అని." దారం కొరికింది. "సచ్చేదాక చేతి ఏళ్ల మీద లెక్కవెట్టుకుంటనే ఉండె. ఎన్నడు కొట్టిన, ఎన్ని దినాలు నీళ్లల్ల పెట్టిన, ఎన్నడు తీసిన అని. గేటు కాడ కూసొని గదే లెక్క. ఏడ తప్పిన, ఏడ తప్పిన అని. ఆఖరికి దవాఖానల గూడ గదే."

ఆమె మళ్లీ గుడ్డను సూది కింద పెట్టింది.

"ఇగ పో అన్నా. పొద్దుమీకే లోపల గీ జాకెట్లు ఇయ్యాలె."

కాబట్టి ఆ లెక్క నేను చెప్తాను. నా విల్లు బొంగును, విల్లు చేయడానికి ముందటి ఏడు చలికాలంలో, పుష్య మాసం అమావాస్యకు రెండు రోజుల ముందు కొట్టాడు. నేను పక్కనే ఉన్నాను. ముప్పై మూడు రోజులు చెరువు నీళ్లలో ఉంది. తీసిన రోజు కూడా నేను ఉన్నాను. ఏడాది పొడుగునా పొగలో ఎండింది. విరిగిన చోట తెల్లగా ఉంది, పొడి రాలలేదు. ఆయన ఎక్కడా తప్పలేదు.